స్వతంత్రచిత్రము - కర్తృత్వవిచారము

“స్వతంత్రచిత్రము” అను మాట యీ నడుమఁ బత్రికలయందుఁ దఱచుగాఁ గనఁబడుచున్నది. కొలఁది ధనముతో, ప్రసిద్ధనటులు లేకయు, పెద్ద నిర్మాణసంస్థల యాశ్రయము లేకయుఁ దీయఁబడి, దేశవిదేశములందు జరుగు చలనచిత్రోత్సవములకుఁ బంపఁబడు చిత్రములకు నీ పేరు పెట్టుచున్నారు. ఇందలి స్వాతంత్ర్య మెట్టిది? ధనము తక్కువ యగుటయే స్వాతంత్ర్యమా? ఉత్సవమునకుఁ బోవుట దానికి గుఱుతా? లేక వేఱొక లక్షణము గలదా? ఈ ప్రశ్నలను విచారించుట ప్రకృతవ్యాసమునకు విషయము. వ్యాకరణము చదువుకొన్నవానికిఁ జలనచిత్రములతోఁ బని యేమని చదువరులలోఁ గొందఱు శంకింపవచ్చును. శంక న్యాయమైనదే. కాని కర్తను నిర్వచింపఁదలఁచినప్పుడు పాణిని యెన్నుకొన్న శబ్దము “స్వతంత్ర” శబ్దమే. దానిమీఁద మా శాస్త్రమున రెండువేల యేండ్లకుఁ బైఁబడి చర్చ జరిగియున్నది. దానిని బ్రక్కకుఁ బెట్టి క్రొత్త నిర్వచనమును వెదకఁబోవుట యింట దీప ముండఁగాఁ బొరుగింటికి నిప్పుకై పోవుటవంటిది.

నన్నీ విచారమునకుఁ బురికొల్పినది యొక శిష్యుని ప్రశ్న. అతఁడు చిన్ననాఁడు నాయొద్ద బాలవ్యాకరణము చదివి, యిప్పుడు శ్రీకాకుళ మండలమున నొక పల్లెబడిలో నుపాధ్యాయుఁడుగా నున్నాఁడు. రెండు వేసవి సెలవులలోఁ దన యూరివారినే పాత్రలుగాఁ బెట్టుకొని, చింతతోఁపు నమ్ముట కొప్పుకొనని యొక ముసలామె కథను గంటన్నర చిత్రముగాఁ దీసెను. అందుకై పిత్రార్జితమగు అరయెకరము తాకట్టు పడినది. చిత్రీకరణము ముగిసెను గాని, ధ్వనిని సరిపఱచుట మున్నగు తుదిపనులకు ధనము చాలలేదు. అప్పు డొక వర్తకుఁడు, ముసలామె మాటలను అందఱకుఁ దెలియు భాషలోనికి మార్చి రెండు పాటలు చేర్చినచో మిగిలిన సొమ్ము తానిత్తు ననెను. పట్టణమున నున్న మిత్రుఁ డొకఁడు, విదేశములలోని యుత్సవములవారు మెచ్చవలెనన్నచోఁ బెండ్లియింటి హాస్యఘట్టమును దీసివేసి దారిద్ర్యమును మఱికొంత చూపుమనెను. శిష్యుఁడు నాకడకు వచ్చి, “మాస్టారూ! ఈ రెండిట్లో దేనికి ఒప్పుకున్నా ఆ సినిమా ఇంక నాదేనాండి?” అని యడిగెను. అతని మాటను మార్పక యున్నదున్నట్లు వ్రాసితిని. ఆ దినమున నే నుత్తరము చెప్పలేకపోతిని. ఇప్పుడు చెప్పుచున్నాను.

మొదట, అల్పవ్యయమే స్వాతంత్ర్యమను పక్షమును జూతము. ఈ పక్షమువారు తఱచుగాఁ జూపు దృష్టాంతము “ఎల్ మారియాచి”. రాబర్ట్ రోడ్రిగెజ్ అను యువకుఁడు మందుల పరీక్షలకుఁ దన దేహము నొప్పగించి కొంత ధనము గూర్చుకొని, సుమారు 7,000 డాలర్లతో మెక్సికో సరిహద్దునందలి యొక చిన్న పట్టణమున నీ చిత్రమును దీసెను. అది 1993లో అమెరికాయందలి సన్‌డాన్స్ ఉత్సవమున బ్రేక్షకుల బహుమతిని బొందెను. సంఖ్య యాశ్చర్యకరమైనదే. కాని తాళపత్రప్రతిని బరిశీలించువారు పాఠమును శోధించునట్లు సంఖ్యనుగూడ శోధింపవలెను. ఆ 7,000 చిత్రమును దీయుటకైన వ్యయము. పిమ్మట దానిని గొన్న పెద్దసంస్థ ధ్వనిని సంస్కరించి థియేటర్లకుఁ దగిన ప్రతులను దీయుటకు దానికి ననేక రెట్లు వెచ్చించెను. మన మందిరములలో జూచినది 7,000 డాలర్ల చిత్రము మాత్రమే కాదు.

అదియట్లుండ, అల్పవ్యయము లక్షణము కాఁజాలదు. ఏలయనఁగా, వర్తకుని యాజ్ఞానుసారముగాఁ గొలఁది ధనముతో వారములలోఁ జుట్టివేయఁబడు చిత్రము లనేకములు కలవు. వానిని స్వతంత్రము లనువా రెవ్వరును లేరు. కావున నీ లక్షణమున కతివ్యాప్తి. దేవదత్తుని యిల్లేది యని యడిగినవానికిఁ గాకి వ్రాలిన యా యిల్లని చూపుదుము. కాకి యెగిరిపోయినను ఇల్లు దేవదత్తునిదే. కాకి పొరుగింటిపై వ్రాలినను అది దేవదత్తునిది కాదు. అల్పవ్యయము స్వతంత్రచిత్రమున కిట్టి కాకి. ఉపలక్షణమే గాని విశేషణము గాదు.

ఇఁక సిద్ధాంతమునకు దారి కారకప్రకరణము. క్రియయందు స్వతంత్రుఁడుగా వివక్షింపఁబడినవాఁడు కర్త. క్రియాసిద్ధికి మిక్కిలి యుపకరించునది కరణము. గొడ్డలి లేక చెట్టు తెగదు. అట్లని చెట్టును గొట్టినవాఁడు గొడ్డలి యనము. చిత్రనిర్మాణమున ధనము గొడ్డలి. అది యెంత యవసరమైనను గరణమే. కాని ధనము తనంత రాదు, ధనికునితో వచ్చును. ధనికుఁడు ప్రయోజకుఁడు. కర్తను బ్రేరేపించువానికి హేతుసంజ్ఞయుఁ గర్తృసంజ్ఞయు రెండును గలవు. ఇచ్చట శాస్త్రమున నొక సూక్ష్మమున్నది. యజ్ఞదత్తుఁడు దేవదత్తునిచే వంట చేయించెను అన్నప్పుడు దేవదత్తుఁడు ప్రేరితుఁ డయ్యును తృతీయయందు నిలిచి కర్తగానే యుండును. యజ్ఞదత్తుఁడు దేవదత్తుని గ్రామమునకుఁ బోఁజేసెను అన్నప్పుడు ప్రేరితుఁడగు దేవదత్తుఁడు ద్వితీయకు దిగి కర్మ యగును. రెండుచోట్లను బ్రేరేపణ యొకటియే; ప్రేరితుని పదవి వేఱు.

కాఁబట్టి స్వతంత్రచిత్ర మన్నప్పుడు ప్రయోజకుఁడే లేఁడని యర్థము కాదు. ప్రయోజకుని సన్నిధిని దర్శకుఁడు తృతీయయం దున్నాఁడా, ద్వితీయయం దున్నాఁడా యనుటయే ప్రశ్న. అతనిచేఁ జిత్రము తీయింపఁబడినదా? లేక యతఁడే తోలఁబడినాఁడా? ఈ భేదమును రెండు మూఁడు యథార్థచరిత్రములచే నిరూపింతును.

వంగభాషలోని “పథేర్ పాంచాలి” చరిత్ర యందుఁ బ్రథమగణ్యము. బిభూతిభూషణ బంద్యోపాధ్యాయుఁడు వ్రాసిన యీ నవల 1929లో గ్రంథరూపమున వెలువడెను. పాంచాలి యనునది వంగదేశపు గేయకథాప్రక్రియ. కావున “త్రోవపాట” యని పేరునకు స్థూలార్థము చెప్పుకొనవచ్చును. కలకత్తాలో నొక ప్రకటనల సంస్థయందుఁ జిత్రకారుఁడుగా నున్న సత్యజిత్ రాయ్ దీనిని జలనచిత్రముగాఁ దీయ నిశ్చయించుకొనెను. అంతకుముం దతఁడు చిత్రమును దీసినవాఁడు కాఁడు. కెమెరా పట్టిన సుబ్రత మిత్ర యిరువది యేండ్లు దాఁటీదాఁటని యువకుఁడు. అంతవఱకుఁ జలనచిత్రపు కెమెరాను నడపి యెఱుఁగఁడు. నిర్మాతలు ముందునకు రాకపోఁగా రాయ్ తన జీవితబీమా పత్రమును గుదువఁబెట్టెను. కూర్చుకొన్న గ్రామఫోను రికార్డుల నమ్మెను. అతని భార్య నగలు తాకట్టునకుఁ బోయెను.

1952 అక్టోబరు 27వ తేదీని చిత్రీకరణ మారంభమయ్యెను. అక్కయుఁ దమ్ముఁడును రెల్లుపూలచేనులో నడచి రైలును జూడఁబోవు ఘట్ట మది. తరువాతి వారమున మరల వచ్చిచూడఁగాఁ బువ్వులను బశువులు మేసియుండెను! మఱల రెల్లు పూచువఱకు, అనఁగా మఱుసటి యేఁటివఱకు, ఆ ఘట్టము నిలిచిపోయెను. ధనవంతుఁడగు నిర్మాత యైనచోఁ గృత్రిమముగాఁ జేనును నిలుపుటకు యత్నించునేమో. రాయ్ ఋతువు కొఱకు వేచియుండెను. ధనము లేకపోవుటచేఁ గాలమును వ్యయపెట్టవలసివచ్చెను. స్వతంత్రచిత్రములకు సర్వత్ర నిదియే న్యాయము: రూపాయలకు బదులు దినములు చెల్లింపఁబడును. ఈ మార్గమున నపాయమును గలదు. ముసలి ఇందిర్ పాత్ర ధరించిన చునీబాలాదేవి యెనుబదియేండ్ల ప్రాయమునకుఁ జేరువలో నున్నది. చిత్రము నడుమ నడుమ నాఁగుచు నించుమించు మూఁడేండ్లు సాగెను. ఆ లోపల బాలుని గొంతు మాఱకపోవుటయు, బాలిక యెదిగిపోకుండుటయు, ముసలామె మరణింపకుండుటయు మహాద్భుతములని రాయ్ తరువాతఁ జెప్పుకొనెను. చునీబాలాదేవి చిత్రము విడుదలకు ముందే పరమపదించెను.

ధనము పూర్తిగ నడుగంటినప్పుడు పశ్చిమవంగ ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ గారి ప్రభుత్వము సహాయము చేసెను. అందలి వింత శాబ్దికులు వినఁదగినది. ఆ సొమ్ము ప్రభుత్వపు లెక్కలలో రహదారుల యభివృద్ధిక్రింద వ్రాయఁబడెను. చిత్రముపేరులోఁ “త్రోవ” యున్నది గదా! శబ్దబోధ యెంత దూరము పోవునో చూడుఁడు. చిత్రముపై నిర్మాతగా నిలిచిన పేరును బ్రభుత్వముదే. మొత్తము వ్యయము సుమారు 1,50,000 రూపాయలని చెప్పుదురు. ఇచ్చట స్వామిత్వము ప్రభుత్వముది, కర్తృత్వము రాయ్ ది. స్వామి వేఱు, కర్త వేఱు. ప్రయోజకుఁ డున్నను దర్శకుఁడు తృతీయయందే నిలిచినాఁడనుట కింతకంటె నిదర్శన మక్కఱలేదు.

వేఱొక నిదర్శనము 1976లో శ్యామ్ బెనెగల్ తీసిన “మంథన్”. గుజరాతునందలి పాడిరైతులు 5,00,000 మంది తలకు రెండు రూపాయల చొప్పున నిచ్చి దీనిని నిర్మించిరి. ప్రయోజకు లైదులక్షలమంది! ఒక్కఁడే ధనికుఁ డైనచో దర్శకుని యొద్దఁ గూర్చుండి యీ మాట తీసివేయుము, ఈ పాట పెట్టుమని చెప్పఁగలఁడు. ఐదులక్షలమంది యట్లు చెప్పలేరు. వారు తీసిన చిత్రమును జూచుటకు వారే లారీలలో మందిరములకు వచ్చిరి. 2024లో నీ చిత్రము పునరుద్ధరింపఁబడి ఫ్రాన్సునందలి కాన్ ఉత్సవమున మరల బ్రదర్శింపఁబడెను. రెండురూపాయల దానము యేఁబదియేండ్లకుఁ జేరువ కాలము నిలిచి సముద్రములు దాఁటినది.

ఇట్టి చిత్రములయందు మఱియొక విశేషము గలదు. భాష్యకారుఁడు కుండయే వండుచున్నదను ప్రయోగమును విచారించెను. వంటవాఁ డున్నప్పుడు కుండ యధికరణము. కుండయొక్క వ్యాపారమునే, అనఁగా బియ్యమును దనలో ధరించుటనే, చెప్పఁదలఁచినప్పుడు కుండయుఁ గర్త యగును. రాజసన్నిధిని మంత్రులు పరతంత్రులు, దూరమునం దున్నప్పుడు స్వతంత్రులు, అని యాయన దృష్టాంతము. పెద్దచిత్రములయం దూరు రంగస్థలము మాత్రమే. కావలసిన యూరిని వడ్రంగులు నిలుపుదురు, పనియైనపిదపఁ బడఁగొట్టుదురు. చిన్నచిత్రమున కా శక్తి లేదు. ఉన్న యూరినే, ఉన్న వెలుతురునే, ఉన్న మనుష్యులనే గ్రహింపవలెను. అంత నధికరణము కర్తగా లేచును.

దీనికి మన తెలుఁగుననే చక్కని యుదాహరణము గలదు. వెంకటేశ్ మహా తన తొలిచిత్రముగాఁ దీసిన “కేరాఫ్ కంచరపాలెం” 2018లో వెలువడెను. విశాఖపట్టణమునందలి కంచరపాలెపు వాడలలోనే తీసి, అచ్చటి నివాసులను, మునుపు నటించి యెఱుఁగనివారిని ఎనుబదిమందికిఁ బైగా నందు నటింపఁజేసిరి. అమెరికాలో హృద్రోగవైద్యవృత్తియందున్న పరుచూరి ప్రవీణ దీనిని నిర్మించి, తానునొక పాత్రను ధరించెను. న్యూయార్కునందు జరుగు భారతీయ చలనచిత్రోత్సవమున కా సంవత్సరమే యిది యెన్నికయ్యెను. తరువాత నొక పెద్దసంస్థ ముందునకు వచ్చి సమర్పింపఁగా 2018 సెప్టెంబరు 7వ తేదీని మన మందిరములకు వచ్చెను. అందు నాలుగు ప్రేమకథలు గలవు. వానిని గూర్చు సూత్రము కంచరపాలెము. పేరే చూడుఁడు: చిరునామాయే చిత్రనామము. అధికరణము కర్తయైనదనుటకు వేఱు సాక్ష్య మేల?

అస్సామునఁ జాయ్‌గావ్ ప్రాంతపు గ్రామమున రీమా దాస్ తీసిన “విలేజ్ రాక్‌స్టార్స్” ఈ మార్గమునకుఁ బరమావధి. రచన, దర్శకత్వము, ఛాయాగ్రహణము, కూర్పు, నిర్మాణము అన్నియు నామెయే. చేతఁ బట్టుకొను సామాన్యమగు కెమెరాతో, ఊరి పిల్లలే పాత్రలుగా, ఏండ్లతరబడి ఋతువుల వెంట నడచి దీనిని దీసెను. ఇది 2017లో కెనడాయందలి టొరాంటో ఉత్సవమునఁ బ్రదర్శింపఁబడి, 2018లోఁ బ్రకటింపఁబడిన జాతీయపురస్కారములలో నుత్తమచిత్రమని బహుమానము నందెను. ఇచ్చటఁ బ్రయోజకుఁడు, ప్రయోజ్యుఁడు నను భేదమే లేదు.

ఇఁక నుత్సవముల మాట. చిత్రమును దీయఁగలిగినను జూచువారి కడకుఁ జేర్చుట చిన్నవారికి దుర్ఘటము. థియేటరు దొరకదు, ప్రకటనలకు ధనముండదు. అందుచే వారికిఁ జలనచిత్రోత్సవము శరణ్యమైనది. వెనీసు నగరమున 1932లోను, కాన్ పట్టణమున 1946లోను ఇట్టి యుత్సవము లారంభమయ్యెను. కాన్ లోని తొలి యుత్సవముననే చేతన్ ఆనంద్ తీసిన హిందీచిత్రము “నీచా నగర్” పరమపురస్కారమును గొన్ని యితరచిత్రములతోఁ గలిసి పొందెను. మన దేశమున నంతర్జాతీయ చలనచిత్రోత్సవము 1952 జనవరిలో బొంబాయిలో మొదలయ్యెను; 2004 నుండి గోవాలో జరుగుచున్నది.

ఉత్సవమున నాటక మాడుట మనకుఁ గ్రొత్త కాదు. మాళవికాగ్నిమిత్రము వసంతోత్సవమునఁ బ్రయోగింపఁబడినది. భవభూతి నాటకములు కాలప్రియనాథుని యాత్రయం దాడఁబడినవి. పెద్దపేరు గల భాసాదు లుండఁగాఁ గ్రొత్తవాఁడగు కాళిదాసుని నాటక మేల యను ప్రశ్న యా ప్రస్తావనలోనే పుట్టి, ప్రాఁతదనము మాత్రము గుణము కాదను సమాధానము పొందినది. తొలిచిత్రమును జేతఁబట్టుకొని యెవరును దెలియని సభకు బోవువాని స్థితి యిదియే. సభ్యులు పరీక్షింపఁగలవారైన నతనికి బ్రతుకు.

పరీక్షావిధాన మిట్టిది. చిత్రకర్త నిర్ణీతమగు రుసుముతోఁ బ్రతిని బంపును. ఎన్నికసంఘమువారు చూచి కొన్నింటిని గ్రహింతురు. గ్రహింపఁబడనివానికి రుసుము మరల రాదు. కొన్ని పెద్దయుత్సవములు అంతకుముందు మఱియెచ్చటను బ్రదర్శింపఁబడని చిత్రములనే కోరును; కావున మొదట నెచ్చటికిఁ బంపవలెనో నిశ్చయించుటయే యొక పరీక్ష. 2024లో సన్‌డాన్స్ ఉత్సవమునకు వచ్చిన పెద్దనిడివి చిత్రములు 4,000కుఁ బైగా నుండఁగా గ్రహింపఁబడినవి నూఱింటికి లోఁబడినవి. గ్రహింపఁబడుటయు నంతము కాదు. “పథేర్ పాంచాలి” 1955 మే నెలలో న్యూయార్కునందలి ఆధునికకళల మ్యూజియమున, ఉపశీర్షికలు లేకయే, తొలిసారి ప్రదర్శింపఁబడెను. కలకత్తాలో నా యాగస్టునందు విడుదలయ్యెను. 1956లోఁ గాన్ ఉత్సవమునకుఁ బోఁగా, ఆ దినముననే జపానువారి విందు జరుగుటచే న్యాయనిర్ణేతలలోఁ జాలమంది రాలేదు. కొందఱు విమర్శకులు పట్టుపట్టి రెండవమాఱు ప్రదర్శింపఁజేసిరి. అప్పుడే దానికి “ఉత్తమ మానవపత్రము” అను పురస్కారము లభించెను. ఆ కొందఱు సహృదయులు లేకున్న, ఆ విందుదినముననే యా చిత్రము మఱుపునఁ బడియుండెడిది. ఉత్సవమునకుఁ గీర్తి భవనమువలన రాదు. ఇట్టి నలుగురివలన వచ్చును.

తెలుఁగుచిత్రము లీ దారిని నడిచియుండలేదని యెవరును దలఁపరాదు. ప్రేంచంద్ హిందీకథ “కఫన్” ఆధారముగా వంగీయుఁడగు మృణాల్ సేన్ 1977లో మన భాషయందు “ఒక ఊరి కథ” తీసెను. అది 1978లోఁ గార్లోవీ వారీ ఉత్సవమున బహుమతి నందెను. బి. నరసింగరావు 1988లోఁ దీసిన “దాసి”, తెలంగాణపు గడీలలోని దాసీజీవితమును జూపి, 1989లో మాస్కో యుత్సవమునఁ బ్రదర్శింపఁబడెను. అందు నటించిన అర్చన జాతీయపురస్కారమును బొందెను. ఇవి కథయందే గాక భాషయందును దేశీయములు.

భాషమాట వచ్చినది గనుక నా శిష్యుని చిత్రమునకు మరలుదును. తోఁపునకు బేరము పెట్టినవానితో ముసలామె “ఒగ్గెయ్యి” అనును. కావ్యములయందు “ఒగ్గు” ధాతువు చాఁచు, పట్టు అను నర్థములఁ గనఁబడును. చెవి యొగ్గుట, చేయి యొగ్గుట మనకు సుపరిచితములు. ఉత్తరాంధ్రమున “ఒగ్గు” అనఁగా విడుచుట. పట్టుటకై చాఁచినది యెట్లు విడుచుటగా బరిణమించెనో నిఘంటుకర్తలు విచారింపఁదగిన విషయము. ఉపశీర్షికలను వ్రాసినవా రా ప్రాంతమువారు గామి, ముసలామె చేయి చాఁచి యడుగుచున్నట్లు ఇంగ్లీషున వ్రాసిరి. తోఁపును విడువనన్న యామె దానిని యాచించుచున్నదయ్యెను! దానిని దిద్దుట నా భాగమునకు వచ్చెను. వర్తకుఁడు మార్పుమన్న మాటలలో నిదియు నొకటి. అతని మాట వినియున్నచో ఆ పలుకు “వదిలెయ్యి” యగును. అర్థము సర్వులకుఁ దెలియును. ముసలామె మాత్ర మచ్చట నుండదు. గ్రాంథికభాషయం దభిమానము గల నేనే యీ మాట వ్రాయుచున్నాననుట చదువరులు గమనింతురుగాక. శిష్టప్రయోగము పుస్తకమునకుఁ బ్రమాణము. పాత్రకుఁ బాత్ర పలుకే ప్రమాణము.

వర్తకుఁడు చేసినదే మిత్రుఁడును జేసెను. ఉత్సవములవారు దారిద్ర్యమును గోరుదురని తలఁచి హాస్యమును దీసివేయుమనుట, మందిరమువారు పాటలను గోరుదురని తలఁచి పాటలను జేర్చుమనుటకంటె భిన్నము కాదు. ఒకఁడు ధనమునకై, ఒకఁడు కీర్తికై, ఇరువురును దర్శకుని ద్వితీయకు దింపుచున్నారు. ఉత్సవముకూడఁ బ్రయోజకము కావచ్చును. అదియే యిందలి యపాయము. కొలఁది ధనముతోఁ దీసి, ఉత్సవమునకుఁ బంపఁబడిన చిత్రమైనను, పంపఁబడుటకై తన్నుఁ దాను మార్చుకొన్నచో నది పరతంత్రమే. అట్లయినచో నితరుల సలహా వినరాదా యను శంక పుట్టును. వినవచ్చును. కారకములు వివక్షాధీనములని శాస్త్రము. ఒకరి మాట విని, దానిని దన వివక్షగాఁ జేసికొన్నవాఁడు కర్తయే. విన్నదానిని వివక్ష లేకయే యొప్పుకొన్నవాఁడు కర్మ. చిత్రము చివరఁ జాల దీర్ఘముగా నున్న యొక యుపన్యాసమును గుదింపుమని నేను జెప్పితిని. అతఁడు రెండు దినము లాలోచించి, “నిజమే మాస్టారూ, అది నా మాట, ఆవిడ మాట కాదు” అని తీసివేసెను. దానివలన నాతని కర్తృత్వము తగ్గలేదు, పెరిగినది.

తుదకు మన పరిషత్తునకు సంబంధించిన మాట యొకటి విన్నవింతును. 1993లో లండను నగరమున నొక లాబొరేటరీలో నగ్నిప్రమాదము జరిగి “పథేర్ పాంచాలి” మూలపు నెగటివు కాలిపోయెను. కాలిన ముక్కలను అమెరికాలో భద్రపఱచిరి. పిదప నిపుణులు, ఇటలీలోని బొలోనా నగరమునఁ గూడఁ బనిచేసి, వానిలో మిగిలినదానిని నితరప్రతులతోఁ గలిపి యుద్ధరించిరి. 2015లో నా చిత్రము తొలుత వెలుఁగుచూచిన న్యూయార్కు మ్యూజియముననే మరల బ్రదర్శింపఁబడెను. చిమ్మెటలు తిన్న తాళపత్రములనుండి ప్రబంధములను బరిష్కరించిన మన పెద్దల కృషికిని దీనికిని భేద మేమి? లోకప్రసిద్ధమైన చిత్రమున కట్టి సహాయము దొరకెను. రఘుపతి వెంకయ్య గారి సంస్థ 1921లో నిర్మించిన “భీష్మప్రతిజ్ఞ”కుఁ బ్రతియే మిగులలేదు. ఉపాధ్యాయుఁ డొకఁడు తన పల్లెలోఁ దీసిన చిత్రమునకు నెవరు దిక్కు? ఇట్టి చిత్రముల సంభాషణప్రతులను, వీలైనచో డిజిటల్ ప్రతులను, మన గ్రంథాలయమున భద్రపఱచుట తగునని నా మనవి. నిఘంటువుల కెక్కని పలుకులు వానియందు బ్రతికి యున్నవి. వక్త ముఖమునుండి, స్వరముతోఁగూడ, వినఁబడుచున్నవి. మన పూర్వులకు లభింపని యీ సాధనమును మనము విడిచిపెట్టరాదు.

శిష్యుఁడు వర్తకుని ధనమును గొనలేదు, హాస్యఘట్టమును దీయలేదు. తనవంటి యిరువురు మిత్రుల సహాయముతో రాత్రులు కూర్చుండి ధ్వనిపనిని బూర్తిచేసెను. చిత్రమును మూఁ డుత్సవములకుఁ బంపెను. రెండుచోట్లనుండి గ్రహింపలేదని యుత్తరములు వచ్చినవి; మూఁడవదాని యుత్తర మింకను రాలేదు. అరయెకరము తాకట్టులోనే యున్నది. ఈ సంగతి దాఁచి స్వాతంత్ర్యమును గొనియాడుట నాకు ధర్మముగాఁ దోఁపలేదు. స్వాతంత్ర్యమునకు వెల గలదు. దానిని జెల్లించువాఁడు కర్తయే గాని వ్యాసము వ్రాయువాఁడు గాఁడు.

అయినను అతఁ డడిగిన ప్రశ్నకు నా యుత్తర మిది: నాయనా, ఆ రెంటికిని నీ వొప్పుకొనియున్నచోఁ జిత్రముపైఁ బేరు నీదే యుండును, క్రియ మాత్రము నీది కాకపోవును. ఇప్పుడు రెండును నీవే. మూఁడవచోటినుండి యే యుత్తరము వచ్చినను, ఈ వాక్యమున విభక్తి మాఱదు.